ఎడమ పక్క కాజాలు

మా బావ ముక్కు నేలకి రాయించాలన్నది నా జీవితాశయం. కొందరికి ఇల్లు కట్టుకోవాలని ఉంటుంది, కొందరికి దేశాలు తిరగాలని ఉంటుంది. నాకు ఇది. ఇందులో దాచుకోవాల్సిందేమీ లేదు, సిగ్గుపడాల్సింది అంతకన్నా లేదు. ఆయన నా షాపు గుమ్మంలో నిలబడాలి, నలుగురూ చూస్తుండగా నా సాయం అడగాలి, నేను గడ్డం కింద చెయ్యి పెట్టుకుని తీరిగ్గా వినాలి. ఈ మిషన్లూ, ఈ జిప్పులూ, ఈ సంచులూ అన్నీ ఆ ఒక్క పూట కోసం చేసుకున్న ఏర్పాట్లే.

బావంటే మా అక్క మొగుడు. పెద్ద వీధి మలుపులో టైలరింగ్ షాపు ఆయనది. చొక్కాలు, ప్యాంట్లు, కోట్లు, యూనిఫారాలు కుడతారు. ఆ షాపులో ఆయన పెట్టిన పద్ధతి ఒకటుంది: ఒక మనిషికి ఒకటే పని. కటింగ్ మాస్టారు కత్తిరించడమే. కాలర్లవాడు కాలర్లు కుట్టడమే. చేతులవాడు చేతులు అతకడమే. నా పని కాజాలు. కాజా అంటే మరేం కాదు, బొత్తాం దూరే చీలిక. దానికో ప్రత్యేకమైన మిషను ఉంటుంది, చుట్టూ కుట్టు వేసి మధ్యలో టక్కున కోస్తుంది. ఏళ్ళ తరబడి నేను ఆ టక్కుటక్కులే విన్నాను. నా చేతిలోంచి వెళ్ళిన చొక్కా పూర్తయ్యాక ఎలా ఉంటుందో చూసిన పాపాన పోలేదు. పని త్వరగా సాగడానికే ఈ పద్ధతి అని బావ అందరికీ చెప్పుకునేవాడు. అబద్ధం. మొదటినుంచీ చివరిదాకా కుట్టడం వస్తే ఎవడు వేరే షాపు పెట్టుకుంటాడోనని ఆయన భయం.

అక్క పని కుట్టేవాళ్ళందరికంటే ముందు మొదలవుతుంది. మాస్టారు కత్తిరించిన ముక్కలని జత చేసి కట్టలు కట్టాలి. జేబు ఎక్కడ రావాలో, కాజా ఏ పక్కన పడాలో సుద్దతో గుర్తు పెట్టాలి. ఆ గుర్తు చూసుకునే మేమంతా కుట్టేవాళ్ళం. జీతమా? పెళ్ళానికి జీతమేమిటి, మీ పిచ్చి గానీ!

ఒక రోజు మధ్యాహ్నం పని పల్చబడ్డప్పుడు నేనే నోరు తెరిచి అడిగాను.

"బావా, మాస్టారి దగ్గర నాక్కూడా కటింగ్ నేర్పించండి. ఖాళీగా ఉన్నప్పుడే లెండి, మన పనికేం అడ్డం రాదు."

ఆయన మెడలో టేపు సర్దుకుని, షాపంతా వినపడేలా నవ్వాడు.

"నీకు కటింగెందుకే? గుడ్డకి చిల్లులు పెట్టడం తప్ప నీకేం వచ్చు? అవైనా మిషను పెడుతోంది, నువ్వు కాదు. బుద్ధిగా కూర్చో. ఈ గుమ్మం దాటావంటే నీకింత తిండి పెట్టేవాడు కూడా దొరకడు."

కాలర్లవాడు నవ్వాడు. చేతులవాడు నవ్వాడు. మాస్టారు నవ్వలేదు గానీ కత్తెర ఆపలేదు. నేను అక్క వైపు చూశాను. తోడబుట్టింది కదా, ఒక్క మాట అనదా అని. తలెత్తితే ఒట్టు! చేతిలో కట్టకి ముడి వేసుకుంటూ కూర్చుంది. బావ మాటకంటే ఆ ముడే నాకు ఎక్కువ మంట పెట్టింది. మిషను ఆపేసి, చెప్పులేసుకుని, వచ్చేశాను. "రెండ్రోజుల్లో అదే వస్తుందిలే" అని ఆయన అనడం మెట్ల మీదికి కూడా వినపడింది.

దారి పొడుగునా ఏడ్చాను. బాధతో కాదు, కోపంతో. అసలు నన్ను కాల్చేసిందేమిటంటే, ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. నా తిండంతా ఆయన ఒక్కడి చేతిలోంచే వస్తోంది. ఆ చెయ్యి మూసుకుంటే నా నోరు మూతపడుతుంది. అది ఆయనకి తెలుసు కాబట్టే నవ్వాడు. ఇక మీదట నా తిండి ఏ ఒక్కడి చేతిలోనూ ఉండకూడదు, వీడు కాదంటే వాడు, వాడూ కాదంటే ఇంకో పని అనుకున్నాను. ఏ ఒక్క దారి మూసుకుపోయినా మిగిలినవి తెరుచుకుని ఉండాలి. అలా బతికి చూపించి, అప్పుడు ఈ మహానుభావుడి సంగతి చూడాలి.

మా ఇంటి వెనక సందులో పాత కుట్టుమిషన్లు బాగుచేసే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. చేతులకెప్పుడూ నూనే కాబట్టి అందరూ నూనె మామ అంటారు. ఆయన దగ్గర తుప్పు పట్టిన కాజా మిషను ఒకటి మూలపడి ఉంది. "తీసుకుపో తల్లీ, దాన్ని కొనేవాడూ లేడు, నడిపేవాడూ లేడు. పని దొరికాక ఇద్దువుగాని" అన్నాడు. మెట్ల కింద గది ఒకటి అద్దెకి తీసుకుని అందులో పెట్టాను. నిటారుగా నిలబడితే తల పైకప్పుకి కొట్టుకునే గది అది. చుట్టుపక్కల చిన్నచిన్న టైలర్లు బోలెడు మంది ఉన్నారు, వాళ్ళెవరికీ కాజా మిషను లేదు. చేత్తో కుట్టుకుంటూ కళ్ళు పాడు చేసుకుంటున్నారు. నేను వెళ్ళి అడిగానో లేదో చొక్కాలు మోసుకొచ్చారు. నెల తిరిగేసరికి నా పేరు కాజాలమ్మ అయిపోయింది.

అక్కడితో ఆగితే నేను మళ్ళీ ఒకే పని తెలిసిన మనిషినే కదా! అందుకని జిప్పుల రిపేరు పట్టాను. బడి సంచుల జిప్పులు, పెట్టెల జిప్పులు, చలి కోట్ల జిప్పులు. బడులు తెరిచే రోజుల్లో కాజాలు ఊపిరాడనివ్వవు, చలి మొదలయ్యాక జిప్పులు. గుమ్మం దగ్గర సీసాల్లో బొత్తాలూ దారాలూ సూదులూ పెట్టాను. కాజాల కోసం వచ్చినవాడు ఉత్త చేతులతో పోకుండా ఉండాలిగా. ఆ తర్వాత టైలర్లు పారేసే ముక్కలు కొని, అతికి, సంచులు కుట్టడం మొదలుపెట్టాను. బావ షాపు ముక్కలు కూడా కొనేదాన్ని, మాస్టారు చాటుగా తెచ్చి ఇచ్చేవాడు. బావ పారేసిన గుడ్డతో నేను సంపాదిస్తున్నానన్న ఆలోచనకే నాకు నిద్ర బాగా పట్టేది.

ఇవి కాక ఫోన్లో వీడియోలు ఒకటి. పక్కింటి కోడలు నేర్పింది. నా మొహం కనపడదు, చేతులే కనపడతాయి. జిప్పు పళ్ళు ఊడితే ఏం చెయ్యాలి, చిరిగిన జేబు ఎలా అతకాలి, ఇలాంటివి. నా నోరు ఊరుకోదు కదా, ప్రతి వీడియోలోనూ "నేను పనిచేసిన చోట ఒక మహానుభావుడుండేవాడు" అని మొదలుపెట్టి ఆయన్ని ఉతికి ఆరేసేదాన్ని. జిప్పు సంగతి తర్వాత, ఆ మహానుభావుడి కోసమే చూస్తున్నామని జనం రాసేవాళ్ళు. దాని మీదా నాలుగు రాళ్ళు రావడం మొదలైంది. బావని తిట్టుకుంటే డబ్బొస్తుందని ముందే తెలిస్తే ఇంకా ముందే మొదలుపెట్టేదాన్ని!

ఆఖరున మిషన్లు అద్దెకివ్వడం. గది పెద్దది తీసుకుని, నూనె మామ బాగుచేసిన మిషన్లు వరసగా పెట్టాను. పని వచ్చి మిషను లేనివాళ్ళు పూటకింతని కట్టి కూర్చుని తమ పని కుట్టుకుంటారు. అద్దె ముందే కట్టాలి, ఎవరైనా సరే. సెలవు రోజుల్లో ఎవరొచ్చేవారో తెలుసా? బావ షాపులోవాళ్ళే! నన్ను చూసి నవ్విన కాలర్లవాడు, చేతులవాడు. మొదటిసారి వచ్చినప్పుడు తేలు కుట్టిన దొంగల్లా నిలబడ్డారు. తిడదామని నోటిదాకా వచ్చింది. డబ్బు తీసుకుని మిషను చూపించాను. వాళ్ళు పక్కపక్కన కూర్చుని ఒకరి పని ఒకరికి నేర్పుకుంటుంటే, బావ కట్టిన గోడకి నా చేతులతో చిల్లి పెడుతున్నట్టే ఉండేది.

ఒకసారి నాకు ఎక్కువ పని ఇచ్చే టైలరు వచ్చి, రేటు సగానికి తగ్గించకపోతే ఇక చొక్కాలు పంపనన్నాడు. నేను జిప్పు మీంచి కళ్ళెత్తకుండానే, "మంచిదయ్యా, ఆ మూలనున్నవి నీ చొక్కాలే, పట్టుకుపో" అన్నాను. వాడు మూట కట్టుకుని పోయాడు. వాడు వెళ్ళాక చూసుకుంటే నాకు రేపెలాగన్న భయమే రాలేదు. జీవితంలో మొదటిసారి ఒకడికి పొమ్మని చెప్పి హాయిగా మిగిలిన పని చేసుకున్నాను. వాడు మర్నాడు అదే రేటుకి మళ్ళీ తెచ్చాడనుకోండి, అది వేరే సంగతి.

ఈలోపు బావకి కళ్ళు నెత్తికెక్కాయి. ఒక పెద్ద హోటలు యూనిఫారాల పని ఆయనకి దొరికింది. ఇక చిల్లర పనులు మాకొద్దంటూ గుమ్మానికి బోర్డు తగిలించాడు. ఎన్నో ఏళ్ళుగా వచ్చేవాళ్ళని, ప్యాంటు పొడుగు తగ్గించమన్నవాళ్ళని, చొక్కా బిగువైందన్నవాళ్ళని, బోర్డు చూపించి పంపేశాడు. వాళ్ళంతా సందులోకి తిరిగి నా దగ్గరికొచ్చారు. అందరినీ ఒక్క పనికి కట్టేసిన మనిషి, తనని తానే తీసుకెళ్ళి ఒక్క హోటలుకి కట్టేసుకున్నాడు. వార్త విని నేను పళ్ళు నూరడం మానేసి ఎదురుచూడడం మొదలుపెట్టాను.

ఆ రోజు రానే వచ్చింది. పొద్దున్నే షాపు తెరిచాను, అప్పటికే నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. వ్యాను వచ్చి ఆగింది. ముందు బావ దిగాడు, వెనకాల అక్క. ఇద్దరి చేతుల్లోనూ కోట్లే. బావ మొహం పాలిపోయి ఉంది, గడ్డం గీసుకోలేదు. మా అక్క నా గుమ్మం తొక్కడం అదే మొదలు.

"కొంచెం లోపలికి వస్తావా, మాట్లాడాలి" అన్నాడు.

"ఇక్కడే చెప్పండి బావా. ఇక్కడ అందరూ మనవాళ్ళే."

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. నేను మిషను ఆపి మరీ విన్నాను. హోటల్లో పనిచేసే ఆడవాళ్ళ కోట్లవి. ఆడవాళ్ళ కోటుకి కాజాలు కుడి పక్కన పడాలి. మగవాళ్ళకైతే ఎడమ పక్కన. నా తర్వాత నా చోట ఆయన ఎవణ్ణో పరుపుల షాపు నుంచి చవగ్గా తెచ్చుకున్నాడు. వాడు అన్నిటికీ ఎడమ పక్కన కోసేశాడు. ఒకటీ అరా కాదు, మొత్తం. ఆపిన నాథుడు లేడు, ఎలా ఉంటాడు? ఏ ఒక్కడికీ కోటు మొత్తం ఎలా ఉంటుందో తెలియకూడదన్నది ఆయన పద్ధతే కదా! ఆయన హోటలు మేనేజరు చుట్టూ తిరుగుతూ షాపు మొహం చూడలేదు. కుట్టు విప్పితే పోతుంది గానీ కోత పోదు. బొత్తాలు అటు మార్చేద్దామన్నా కుదరదు, ఆ కోటు కత్తిరింపే కుడి పక్క పైకి వచ్చేట్టు ఉంది, తిరగేసి వేస్తే మెడ దగ్గర లాగేస్తుంది. రేపు సాయంత్రానికి ఇవ్వకపోతే హోటలు పని మొత్తం పోతుంది.

"మాస్టారు అన్నాడు, ఏదైనా చెయ్యగలిగితే నువ్వే చెయ్యగలవట."

"నేనా? గుడ్డకి చిల్లులు పెట్టడం తప్ప నాకేం వచ్చు బావా?"

బెంచీ మీద ఎవరో కిసుక్కున నవ్వారు. బావ మొహం ఎర్రబడింది.

"ఆ రోజు ఏదో నోరు జారాను. మనసులో పెట్టుకోకు."

"ఏం జారారో అది కూడా చెప్పండి, వీళ్ళకి తెలియదు."

చెప్పాడు. నమ్ముతారో లేదో, మాట మాటా చెప్పాడు. చెప్పి, "నువ్వు తప్ప నాకు వేరే దిక్కు లేదు" అన్నాడు. నేను ఇన్నేళ్ళూ కలగన్నది అదే. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని విన్నాను కూడా. ఒళ్ళంతా చల్లబడినట్టయింది. ఆ క్షణాన నాకు ఆయన మీద కొంచెం జాలి కూడా కలిగింది, గెలిచినవాళ్ళకి కలిగే జాలి.

కోటు తీసి చూశాను. చెయ్యొచ్చు. కోత పడిన చోట పై నుంచి కింద దాకా అదే గుడ్డ పట్టీ వేసి, రెండో పక్కన కూడా అలాంటిదే వేస్తే, కావాలని పెట్టిన ఫ్యాషన్ అనుకుంటారు. కాజాలు కుడి పక్కన కొత్తగా పడతాయి. అదే గుడ్డ కావాలి, అంతే. హోటలు గుడ్డ ముక్కలు నా దగ్గర సంచుల కోసం మూటలుగా ఉన్నాయి. ఆ గుడ్డ ఊళ్ళో ఇంకెక్కడా లేదు. "ఉండండి, సరిపోతుందో లేదో చూసొస్తాను" అని వెనక గదిలోకి వెళ్ళాను. రెండింతలు మూడింతలు వసూలు చెయ్యాలని లోపల్లోపల లెక్కలు వేసుకుంటున్నాను.

వెనకాలే అక్క వచ్చింది. తలుపు దగ్గరగా వేసింది.

"చెయ్యకే" అంది.

"ఏమిటి?"

"ఆ కోట్లు బాగు చెయ్యకు. గుర్తు ఎడమ పక్కన పెట్టింది నేనే. తెలిసే పెట్టాను."

మూట పక్కన పెట్టేశాను. నోట్లో నాలుక లేదనుకున్న మా అక్క! దాని మొహంలోకి చూస్తే కళ్ళు పొడిగా ఉన్నాయి. ఏం జరిగిందే అని అడిగితే చెప్పింది. మధ్యాహ్నం పూట ఇంట్లో కూర్చుని అవతలి వీధి టైలర్లకి బొత్తాలు కుట్టడం మొదలుపెట్టిందట. నా వీడియోలు చూసే. మొట్టమొదటిసారి దాని చేతికి సొంత డబ్బు వచ్చింది. ఒక జత చెప్పులు కొనుక్కుంది. బావ ఆ చెప్పులు చూసి ఆరా తీశాడు. కొట్టలేదు, తిట్టలేదు. నేరుగా ఆ టైలర్ల దగ్గరికి వెళ్ళి, "ఇక మీదట మా ఆవిడ కూలి నా చేతికివ్వండి" అని చెప్పొచ్చాడు. వాళ్ళు అలాగే ఇస్తున్నారు. అక్క కుడుతోంది, ఆయన తీసుకుంటున్నాడు.

"అరవాలనిపించలేదే నాకు. మర్నాడు ఈ కోట్లు వచ్చాయి. సుద్ద నా చేతిలోనే ఉంది" అంది.

"మరి షాపులో వాళ్ళ సంగతి? వాళ్ళ పొట్ట కొట్టినట్టు కాదూ?"

"మాస్టారూ కాలర్లవాడూ చేతులవాడూ కలిసి సొంతంగా పెట్టుకుంటున్నారు, నీ మిషన్ల మీదే. నీకు చెప్పలేదా? ఆయన చెవిన పడుతుందని భయపడ్డారేమో. ఆ పరుపులవాణ్ణి కూడా కలుపుకుంటారు, వాడి తప్పేం లేదని నేనే చెప్పాను."

బయటికి వచ్చాం. బావ ఆశగా లేచి నిలబడ్డాడు.

"సరిపోతుందా గుడ్డ?"

"సరిపోతుంది బావా. కానీ నేను చెయ్యను."

"ఎంత కావాలో చెప్పు. నువ్వెంతంటే అంత."

"నాకక్కర్లేదు."

ఆ ఒక్క మాట అనడానికి నాకు ఇన్ని పనులు పట్టాయి. అయితే ఆయన నా మాట పట్టించుకోనేలేదు. అక్క మీదికి తిరిగాడు.

"బొమ్మలా నిలబడతావేం? నీ చెల్లెలికి నువ్వు చెప్పు!"

"గుర్తు ఎడమ పక్కన పెట్టింది నేనేనండీ. పొరపాటున కాదు" అంది అక్క.

ఆయన గుడ్లు మిటకరించాడు. ముందు అర్థం కాలేదు, తర్వాత అయింది.

"నీకు మతి పోయిందా? మనం తినేది దాంట్లోంచేనే!"

"మీరు తినేది. నాకు పెట్టేది" అంది అక్క. గొంతు పెంచలేదు.

బెంచీ మీద ఎవరూ నవ్వలేదు. ఆయన నా వైపు చూశాడు, ఇదంతా నేనే నేర్పానన్నట్టు. ఆయన కోట్లని ఒక్కొక్కటే తనే వ్యానులో వేసుకున్నాడు. ఒకటి రోడ్డు మీద పడితే వంగి తీసుకున్నాడు. అక్క వస్తుందేమోనని తలుపు తెరిచి పట్టుకుని కాసేపు ఆగాడు. అక్క కదలలేదు. వ్యాను వెళ్ళిపోయింది.

నాకు కోపం వచ్చింది, ఉన్న మాట చెప్తున్నాను. ఈసారి బావ మీద కాదు. ఏళ్ళకేళ్ళు పగ పగ అని ఎగిరింది నేను, వీడియోల్లో ఊరంతా టముకు వేసింది నేను, ఆఖరికి ఒక్క సుద్దముక్కతో తీర్చుకున్నది అక్క. నేను ఆయన చేత ఒక మాట అనిపించి మురిసిపోయాను. ఆయన కాళ్ళ కింద నేల లాగేసింది అది. ఆ రోజు షాపులో అది తలెత్తలేదని ఎన్ని తిట్లు తిట్టుకున్నానో! అది అప్పటినుంచీ ఏం మింగుతూ వచ్చిందో నేను ఒక్కసారీ అడగలేదు. దాన్ని కావలించుకోవాలనిపించింది, ఒకటి పీకాలనీ అనిపించింది.

అక్క మిషన్ల వరస చూస్తూ నిలబడింది.

"ఒకటి ఖాళీగా ఉందా? పూటకి అద్దె ఎంతే?"

ఊరికే కూర్చో అక్కా, నీ దగ్గర తీసుకుంటానా అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను. ఊరికే కూర్చోబెడితే ఇవాళ్టి నుంచి దాని తిండి నా చేతిలోకొస్తుంది. నేనూ బావనే అవుతాను. అందరికీ చెప్పే రేటే చెప్పాను.

"ముందే కట్టాలి" అన్నాను.

"ఇప్పుడు నా దగ్గర పైసా లేదు. నీ దగ్గర బొత్తాల పని ఉంటే ఇవ్వు, సాయంత్రానికి కట్టేస్తా."

కాజాలైపోయిన చొక్కాల కుప్ప దాని ముందుకి తోశాను. నేను పక్కనే జిప్పులు వేస్తూ కూర్చున్నాను. చీకటి పడకముందే అక్క కుప్పంతా పూర్తి చేసి, కూలి లెక్క అడిగి తీసుకుని, అందులోంచి నా అద్దె నా చేతిలో పెట్టింది. తీసుకున్నాను.